పళ్ల క్లిప్పులకు ఏ అడ్హీసివ్? అనంతపురం పళ్ల మీద పోల్చి ఎంచుకునే పద్ధతి

కల్యాణదుర్గం, రాయదుర్గం, ఉరవకొండ, తాడిపత్రి వైపు క్లినిక్ పెట్టుకున్న పళ్ల డాక్టర్లు, ఎండీఎస్ (పళ్ల వైద్యంలో పీజీ) చదువుతున్న పిల్లలు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఒకటుంది: "ఏ అడ్హీసివ్ వాడితే బ్రాకెట్ ఊడదు?"

బ్రాకెట్ అంటే పంటికి అతికించే క్లిప్పు, అడ్హీసివ్ అంటే దాన్ని పట్టి ఉంచే జిగురు పేస్ట్. ఒక పేరు చెప్పేయడం తేలికే. కానీ బెంగళూరు పంటి మీద ఏళ్ల తరబడి నిలిచిన పేస్టే మన బోరు నీళ్ల పంటి మీద నెల తిరక్కుండా ఊడొచ్చు. పన్ను ఎలాంటిది, నోట్లో తడి ఎంత, పేస్టును గట్టిపరిచే మీ లైటు ఎంత బలంగా ఉంది: ఈ మూడూ చూశాకే పేస్ట్ సంగతి. బ్రాకెట్ ఊడితే పేషెంటుకు బస్సు చార్జీ, ఒక రోజు కూలీ పోతాయి. ట్రీట్‌మెంటూ వెనక్కి జరుగుతుంది. అందుకే దీన్ని వరుసగా, ఓపికగా చేయాలి.

1. పేస్ట్ కంటే ముందు పన్ను చూడండి

పంటిని గాలితో బాగా ఆరబెట్టి, లైటు పక్క నుంచి పడేలా పెట్టి చూడండి. తడిగా ఉన్నప్పుడు మామూలుగా కనిపించిన పన్ను ఆరాక సుద్దలా తెల్లబడితే అది ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎనామెల్ దెబ్బతినడం) పన్ను అయ్యే అవకాశం ఎక్కువ.

పేషెంటును అడిగే ప్రశ్న కూడా సరిగ్గా ఉండాలి. "ఏ నీళ్లు తాగుతున్నారు?" అంటే అందరూ "మినరల్ వాటర్ సార్" అనే చెబుతారు. శాశ్వత దంతాల ఎనామెల్ (పంటి గట్టి పైపొర) ఎక్కువ భాగం 8 ఏళ్ల లోపే తయారైపోతుంది. కాబట్టి "చిన్నప్పుడు ఏ ఊళ్లో పెరిగావు? అక్కడ సత్యసాయి నీళ్లా, బోరు నీళ్లా?" అని అడగండి. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ, మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రెండూ చెబుతాయి. మన జిల్లాలో ఆ గీత దాటిన బోర్లు చాలా ఉన్నాయి.

ప్రతి పంటికీ చార్టులో ఒక అక్షరం రాసుకోండి.

- మ: మామూలు పన్ను. నునుపుగా, మెరుస్తూ ఉంటుంది.
- తె: తెల్ల మచ్చలు లేదా గోధుమ గార ఉంటుంది, గుంటలు ఉండవు.
- గు: గుంటలు పడి ఉంటుంది, లేదా అంచులు పెళుసుగా రాలుతుంటాయి.
- క: బ్రాకెట్ పడే చోట క్యాప్ గానీ, ఫిల్లింగ్ గానీ ఉంటుంది.

ఒకే నోట్లో నాలుగు రకాలూ ఉండొచ్చు. ముందరి పళ్లు చూసి వెనక పళ్ల సంగతి ఊహించకండి. ప్రీమోలార్లను (కోరపళ్ల వెనక ఉండే చిన్న దవడ పళ్లను) విడిగా ఆరబెట్టి చూడాల్సిందే.

2. చేతిలో ఉన్న రకాలు

లైట్ క్యూర్ కాంపోజిట్: ట్రాన్స్‌బాండ్ ఎక్స్‌టీ, ఎన్‌లైట్ లాంటివి. లైటు వేసేదాకా గట్టిపడవు కాబట్టి బ్రాకెట్‌ను తీరిగ్గా సరిచేసుకోవచ్చు, అదనపు పేస్ట్ తీసేయవచ్చు. పన్ను మాత్రం పూర్తిగా పొడిగా ఉండాలి. మామూలు పంటికి నా మొదటి ఎంపిక ఇదే.

కెమికల్ క్యూర్: రిలై-ఎ-బాండ్ లాంటి నో-మిక్స్ పేస్టులు. ప్రైమర్ (పేస్టుకు ముందు పూసే పలుచని ద్రవం), పేస్ట్ ఒకదానికొకటి తగలగానే గట్టిపడడం మొదలవుతుంది. లైటుతో పని లేదు, ధర తక్కువ. సరిచేసుకునే వ్యవధి మాత్రం చాలా తక్కువ. ఏసీ లేని గదిలో మే నెల వేడికి ఆ వ్యవధి ఇంకా కుదించుకుపోతుంది.

రెజిన్ కలిపిన గ్లాస్ అయనోమర్: ఫ్యూజీ ఆర్థో ఎల్‌సీ లాంటివి. కాస్త తడిని ఓర్చుకుంటుంది, ఫ్లోరైడ్ వదులుతుంది. పట్టు కాంపోజిట్ కంటే తక్కువ. ఫాస్ఫారిక్ ఆమ్లంతో ఎచ్ చేసి (పంటి పైపొరను గరుకు చేసి) వాడితే పెరుగుతుంది. సగం మొలిచిన పన్ను, చిగురు నుంచి తడి ఊరే పన్ను, బ్రషింగ్ సరిగా చేయని పిల్లలు: ఇలాంటి చోట్ల ఇది పనికొస్తుంది.

ప్రైమర్‌ను అడ్హీసివ్‌తో కలిపి లెక్కేయకండి. తడిని తట్టుకునే ప్రైమర్, సెల్ఫ్ ఎచ్ ప్రైమర్, ఎష్యూర్ లాంటి పట్టు పెంచే ప్రైమర్ వేటికవే వేరు. రెండు పేస్టులను పోల్చేటప్పుడు ప్రైమర్ కూడా మారిస్తే తేడా దేనివల్ల వచ్చిందో తెలియదు.

3. కంపెనీ కరపత్రంలోని అంకె చదవడం

కరపత్రంలో మెగాపాస్కల్ అంకె పెద్దగా వేస్తారు. బ్రాకెట్ ఊడడానికి ఎన్ని న్యూటన్ల బలం పట్టిందో చూసి, దాన్ని బ్రాకెట్ అడుగు వైశాల్యంతో భాగిస్తే ఆ అంకె వస్తుంది. అడుగు 10 చదరపు మిల్లీమీటర్లు ఉండి 90 న్యూటన్లకు ఊడితే 9 మెగాపాస్కల్స్.

క్లినిక్‌లో సుమారు 6 నుంచి 8 ఉంటే సరిపోతుందని 1975 నాటి రేనాల్డ్స్ వ్యాసం నుంచి అందరూ వాడుతున్న కొలత. అంతకు రెండింతలు, మూడింతలు ఉంటే మేలని అనుకోవద్దు. చివర్లో తీసేటప్పుడు ఎనామెల్ కూడా లేచివచ్చే ప్రమాదం అక్కడే పెరుగుతుంది. పెళుసు పళ్లున్న మన ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు.

ఇంకో రెండు సంగతులు.

ఒక అధ్యయనంలోని అంకెను వేరే అధ్యయనంలోని అంకెతో పోల్చకండి. బ్రాకెట్ మెష్ (అడుగున ఉండే జాలీ), పంటిని నిల్వ చేసిన తీరు, యంత్రం వేగం, బలం పడిన చోటు, వీటిలో ఏది మారినా ఫలితం మారుతుంది. ఒకే చోట, ఒకే రోజుల్లో, ఒకే పద్ధతిలో పరీక్షించిన రెండింటినే పక్కపక్కన పెట్టాలి.

సగటు కంటే చెదురు చూడండి. 'అ' పేస్టుకు సగటు 14, ప్రామాణిక విచలనం 5 అనుకుందాం. 'ఆ' పేస్టుకు సగటు 10, విచలనం 2. సగటు నుంచి రెండు విచలనాలు తీసేస్తే మొదటిది 4 దగ్గరికి పడిపోతుంది, రెండోది 6 దగ్గర నిలుస్తుంది. పేషెంటు నోట్లో ఊడేది సగటు బ్రాకెట్ కాదు, అన్నిటికంటే బలహీనంగా అతికిందే. నేనైతే 'ఆ' పేస్టే కొంటాను.

4. బాండింగ్ రోజుకు ముందు

ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పార్సిల్ ఆఫీసులోనో, బైకు డిక్కీలోనో ఒక మధ్యాహ్నమంతా ఉన్న పేస్ట్ చూడడానికి బాగానే ఉంటుంది, పని చేయడం దగ్గరే తేడా వస్తుంది. ఎండాకాలానికి సరిపడా సరుకు ఫిబ్రవరిలోనే తెప్పించుకోండి. లేదా పార్సిల్ వచ్చిన పూటే విడిపించుకోండి.

ముందురోజు చూసుకోవాల్సినవి:

- పేస్ట్, ప్రైమర్, ఎచాంట్ (ఎచ్ చేసే ఆమ్లం) గడువు తేదీలు.
- ఫ్రిజ్‌లో ఉన్న పేస్టును వాడేముందు గంట సేపు బయట పెట్టడం. చల్లగా ఉన్న పేస్ట్ బిరుసుగా ఉండి మెష్ సందుల్లోకి దిగదు.
- ప్రైమర్ సీసా మూత. వదులుగా ఉంటే ద్రావకం ఆవిరై ప్రైమర్ చిక్కబడుతుంది.
- లైటు బలం. రేడియోమీటర్ పెట్టి చూడండి. చదరపు సెంటీమీటరుకు 1000 మిల్లీవాట్లు, ఆపైన ఉంటే నిశ్చింత. కొనలో గట్టిపడిన కాంపోజిట్ అంటుకుని ఉంటే గీకేయండి.
- బ్యాటరీ చార్జింగ్. కరెంటు పోయినా క్వాడ్రంట్ (నోట్లో పావు భాగం) మధ్యలో ఆగకూడదు.
- గాలి గొట్టం. త్రీ-వే సిరంజి గాలిని మౌత్ మిర్రర్ మీద ఊదండి. తేమ గానీ నూనె మరక గానీ కనిపిస్తే కంప్రెసర్ నీళ్లు వదిలి, ఫిల్టర్ చూడాలి. ఈ ఒక్క పరీక్ష చేయక, పేస్టుల మీద పేస్టులు మార్చేవాళ్లు చాలామంది.

పేషెంటు వైపు నుంచి: పళ్లు తెల్లబరిచే బ్లీచింగ్ చేయించుకుని ఉంటే రెండు మూడు వారాలు ఆగండి. యూజెనాల్ ఉన్న తాత్కాలిక ఫిల్లింగ్ ఉంటే మార్చండి. ఆ రోజు ఫ్లోరైడ్ వార్నిష్ ముందుగా వేయకండి, బాండింగ్ అయ్యాక వేయండి.

5. పని వరుస

అంకెలు మామూలు పంటికి, లైట్ క్యూర్ కాంపోజిట్‌కు. పేస్టులు పోల్చేటప్పుడు ఈ వరుస ఎవరికీ, ఎప్పుడూ మారకూడదు.

1) నూనె, ఫ్లోరైడ్ లేని ప్యూమిస్‌ను (పళ్లు రుద్దే పొడిని) నీళ్లతో కలిపి రబ్బర్ కప్‌తో ఒక్కో పంటిని 10 సెకన్లు శుభ్రం చేయండి. కడగండి.

2) చీక్ రిట్రాక్టర్, కాటన్ రోల్స్, సక్షన్ పెట్టండి. చిగురు నుంచి రక్తం వస్తుంటే ఆ పంటిని ఇవాళ వదిలేయండి. క్లీనింగ్ చేసి, వారం తర్వాత అతికించండి.

3) 37 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం జెల్‌ను బ్రాకెట్ పడే మేరకే పెట్టండి. 15 నుంచి 30 సెకన్లు చాలు.

4) 15 నుంచి 20 సెకన్లు నీళ్లతో కడగండి. జెల్ రంగు పోయిందంటే కడిగినట్టు కాదు.

5) ఆరబెట్టండి. పన్ను మంచుపట్టిన అద్దంలా తెల్లగా కనిపించాలి. కనిపించకపోతే ముందుకు పోవద్దు. ఈ దశలో లాలాజలం తగిలితే తుడిచి ఊరుకోకూడదు. కడిగి, ఆరబెట్టి, కొద్ది సెకన్లు మళ్లీ ఎచ్ చేయండి.

6) ప్రైమర్ పలుచగా ఒక పూత. మడుగు కట్టితే బ్రాకెట్ జారుతుంది.

7) బ్రాకెట్‌ను ట్వీజర్‌తోనే పట్టుకోండి. మెష్‌కు వేలు తగలకూడదు, గ్లవ్ పొడి కూడా తగలకూడదు. పేస్టును మెష్ లోకి నొక్కి పెట్టండి. ఊరికే పైన పెడితే అడుగున గాలి మిగులుతుంది. పేస్ట్ పెట్టిన బ్రాకెట్లను చెయిర్ లైటు కింద వదిలేయకండి, ఆ వెలుతురుకే పైపొర బిగుసుకోవడం మొదలవుతుంది.

8) పంటి మీద పెట్టి, స్థానం సరిచేసి, గట్టిగా ఒకసారి నొక్కండి. చుట్టూ వచ్చిన పేస్టును ప్రోబ్‌తో తీసేయండి. అక్కడ మిగిలిందే రేపు పాచి పట్టే గరుకు అంచు.

9) మెటల్ బ్రాకెట్‌కు మామూలు ఎల్ఈడీతో ఒక పక్క 10, రెండో పక్క 10 సెకన్లు. సిరామిక్ అయితే బ్రాకెట్ మీదుగానే వేయవచ్చు. లైటు కొన 2, 3 మిల్లీమీటర్ల కంటే దూరం పోకూడదు.

కెమికల్ క్యూర్‌లో 6వ అడుగు దగ్గర ప్రైమర్‌ను పంటికీ, బ్రాకెట్ అడుగుకీ రెండింటికీ పూయాలి. నొక్కాక గట్టిపడేదాకా ముట్టుకోవద్దు. మధ్యలో కదిపిన బ్రాకెట్‌ను నమ్మకుండా తీసి మళ్లీ అతికించడమే మంచిది.

గ్లాస్ అయనోమర్‌కు పన్ను ఎండిపోకూడదు, పలుచని తేమ మెరుపు ఉండాలి. దాన్ని కాంపోజిట్‌లా ఆరబెట్టి వాడి, "ఇది పట్టదు" అని పక్కన పడేయడం తరచూ చూస్తుంటాం.

6. ఫ్లోరోసిస్ పంటికి మార్చాల్సినవి

మన జిల్లాలో అసలు పని ఇక్కడే. ఫ్లోరోసిస్ పంటి పైపొరలో ఖనిజం మరీ చిక్కగా ఉండి ఆమ్లానికి లొంగదు. ఆ కింది పొర గుల్లగా ఉంటుంది. పైన ఎచ్ సరిగా దిగక పట్టు రాదు, మరీ లోతుకు పోతే కింది పొర విరుగుతుంది. రెండింటి మధ్య దారి వెతుక్కోవాలి.

తె పంటికి ఈ వరుస పాటించండి. ప్యూమిస్ అయ్యాక ఎచింగ్‌ను 60 సెకన్లకు పెంచండి. కడిగి ఆరబెట్టి, మంచుపట్టినట్టు తెల్లబడిందో లేదో చూడండి. అసలే తెల్లగా ఉన్న మచ్చ మీద ఈ గుర్తు మోసం చేస్తుంది. తెలుపును కాకుండా మెరుపును చూడండి. మెరుపు పూర్తిగా పోయి, పొడిపొడిగా కనిపిస్తేనే ఎచ్ అయినట్టు. ఇంకా మెరుస్తుంటే అదే చోట ఇంకో 30 సెకన్లు.

అప్పటికీ లొంగకపోతే ఆమ్లం సమయం పెంచుకుంటూ పోవద్దు. 50 మైక్రాన్ల అల్యూమినియం ఆక్సైడ్‌తో రెండు మూడు సెకన్లు ఎయిర్ అబ్రేషన్ చేసి, తర్వాత మామూలు ఎచింగ్ చేయండి. రబ్బర్ డ్యామ్ గానీ, గట్టి సక్షన్ గానీ లేకుండా ఆ పొడి ఊదకండి. పేషెంటు కళ్లకు అద్దాలు పెట్టండి.

ప్రైమర్ స్థానంలో ఎష్యూర్, ఎన్‌హాన్స్ ఎల్‌సీ లాంటి పట్టు పెంచేవి వాడితే ఫ్లోరోసిస్ పంటి మీద ఫలితం మెరుగవుతుంది. సెల్ఫ్ ఎచ్ ప్రైమర్‌ను మాత్రం ఈ పంటికి నేను సిఫారసు చేయను. దాని ఆమ్లం ఈ పైపొరకు చాలదు. అడుగులు తగ్గాయన్న సంతోషం మొదటి నెలలోనే పోతుంది.

గు పళ్లలో మోలార్లకు (పెద్ద దవడ పళ్లకు) ట్యూబ్ అతికించే బదులు బ్యాండ్ (పన్ను చుట్టూ తొడిగే లోహపు పట్టీ) వేయండి. ముందరి పళ్లలో రాలిపోయే ఎనామెల్ ఉంటే ముందు కాంపోజిట్‌తో పూత వేసి, దాన్ని గరుకు చేసి, దాని మీద బ్రాకెట్ పెట్టండి. ఇలాంటి పంటికి సిరామిక్ బ్రాకెట్ వద్దు. తీసేటప్పుడు పన్ను చిట్లుతుంది. "కనపడకుండా ఉండేవి వేయండి" అని అమ్మాయి గానీ, వాళ్లమ్మ గానీ ఎంత అడిగినా కారణం చెప్పి ఒప్పించండి.

7. ఊడిన బ్రాకెట్ ఏం చెబుతోంది

ఊడిన బ్రాకెట్‌ను పారేయమనకండి, తెమ్మనండి. పంటి మీద పేస్ట్ ఎంత మిగిలిందో చూస్తే తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. దీనికి ఏఆర్ఐ (మిగిలిన పేస్ట్ సూచిక) స్కోరు వాడతారు: 0 అంటే పంటి మీద ఏమీ లేదు, 1 అంటే సగం కంటే తక్కువ, 2 అంటే సగం కంటే ఎక్కువ, 3 అంటే మొత్తం పేస్ట్ పంటి మీదే, మెష్ అచ్చుతో సహా.

- స్కోరు 0: పంటికి పేస్ట్ పట్టలేదు. లాలాజలం, గాలి గొట్టంలో నూనె, ఎచింగ్ తక్కువ కావడం లేదా ఫ్లోరోసిస్. 4, 5, 6 భాగాలు మళ్లీ చూడండి.
- స్కోరు 3: బ్రాకెట్‌కు పేస్ట్ పట్టలేదు. మెష్‌కు వేలు తగిలి ఉండాలి, పేస్ట్ లోపలికి నొక్కి ఉండకపోవచ్చు, లైటు చాలకపోయి ఉండవచ్చు, లేదా కెమికల్ పేస్ట్ బిగుసుకున్నాక బ్రాకెట్ పెట్టి ఉండవచ్చు.
- స్కోరు 1 లేదా 2, పేస్ట్ ముక్కలై ఉంది: నమలడం వల్లో, దెబ్బ వల్లో ఊడింది.
- అదే పన్ను పదే పదే: పై పన్ను తగులుతోంది. పేస్ట్ మార్చినా లాభం లేదు. మోలార్ల మీద గ్లాస్ అయనోమర్ పెట్టి కాటు ఎత్తండి.
- కింది ప్రీమోలార్లు మాత్రమే: తడి ఆపడం కుదరడం లేదు. ఒక్కో క్వాడ్రంట్ విడిగా చేయండి, లేదా అక్కడికి మాత్రం తడిని ఓర్చే ప్రైమర్ వాడండి.

ఊడిన బ్రాకెట్‌నే మళ్లీ అతికించాలంటే మెష్‌లోని పాత పేస్టును ఎయిర్ అబ్రేషన్‌తో తీయాలి. మంట మీద కాల్చితే లోహం మెత్తబడుతుంది. వీలైతే కొత్తది వేయండి.

8. మీ క్లినిక్‌లోనే రెండింటిని పోల్చడం

ఎవరి మాటా నమ్మక్కర్లేదు, మీ పేషెంట్ల లెక్కే మీకు చెబుతుంది. లెక్క పద్ధతిగా ఉండాలంతే.

ఒక పేషెంటుకు పై కుడి, కింది ఎడమ 'అ' పేస్ట్. పై ఎడమ, కింది కుడి 'ఆ' పేస్ట్. తర్వాతి పేషెంటుకు తారుమారు చేయండి. దీనివల్ల ఒకే పక్క నమిలే అలవాటు రెండు పేస్టులకూ సమంగా పంచుకుంటుంది. అతికించేది ఒకే చెయ్యి అయి ఉండాలి.

రిజిస్టర్‌లో ఉండాల్సిన గళ్లు:

- పేషెంటు నంబరు, పంటి నంబరు, పేస్ట్ పేరు, బ్యాచ్ నంబరు
- పంటి అక్షరం: మ, తె, గు, క
- అతికించిన తేదీ, ఊడిన తేదీ
- ఏఆర్ఐ స్కోరు
- పేషెంటు చెప్పిన కారణం

మొదటిసారి ఊడినదే లెక్కలోకి. రెండోసారి అతికించినది వేరే కథ. కనీసం ఆరు నెలలు చూడండి.

ఎన్ని బ్రాకెట్లు కావాలి? ఒక పేస్టుకు నూటికి 5, ఇంకో దానికి నూటికి 10 ఊడుతున్నాయనుకుందాం. ఆ తేడాను నమ్మకంగా పట్టుకోవాలంటే ఒక్కో పేస్టుకు సుమారు 430 బ్రాకెట్లు ఉండాలి. పళ్లు తీయని కేసులో మోలార్లు కాక 20 బ్రాకెట్లు పడతాయి కాబట్టి మొత్తం 43 మంది పేషెంట్లు. నలుగురైదుగురిని చూసి "ఇది దండగ" అనేయకండి. మ, తె పళ్ల లెక్క విడివిడిగా తీయడం మరిచిపోవద్దు. కలిపి చూస్తే అసలు తేడా కనిపించకుండా పోతుంది.

రెండూ మీరు మామూలుగా వాడే పేస్టులే అయినా పేషెంటుకు చెప్పి చేయండి. వ్యాసంగా ప్రచురించాలనుకుంటే మొదటి బ్రాకెట్ అతికించక ముందే ఎథిక్స్ కమిటీ అనుమతి, సీటీఆర్ఐ (భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) నమోదు ఉండాలి.

9. ల్యాబ్‌లో పరీక్షించే ఎండీఎస్ విద్యార్థులకు

ట్రీట్‌మెంట్ కోసం తీసిన ప్రీమోలార్లు సేకరించండి. పగుళ్లు, ఫోర్సెప్స్ గీతలు ఉన్నవి పక్కన పెట్టండి. ఫార్మలిన్ వద్దు, 0.1 శాతం థైమాల్ కలిపిన నీళ్లలో ఉంచండి. ఫ్లోరోసిస్ పళ్లను విడి డబ్బాలో పెట్టండి. అతికించాక 24 గంటలు 37 డిగ్రీల నీళ్లలో ఉంచి పరీక్షించండి. థర్మోసైక్లింగ్ (చల్లని, వేడి నీళ్లలో మార్చి మార్చి ముంచడం) 5, 55 డిగ్రీల మధ్య జరుగుతుంది. యూనివర్సల్ టెస్టింగ్ మెషీన్ మీ కాలేజీలో లేకపోతే ఇంజినీరింగ్ కాలేజీల మెకానికల్ ల్యాబుల్లో అడగండి. బలం పడే బ్లేడు పంటికి ఎంత దగ్గరగా ఉందో ప్రతి నమూనాకూ సరిచూడండి.

10. తీసేటప్పుడు

మెటల్ బ్రాకెట్ రెక్కలను ప్లయర్‌తో నొక్కి వంచి తీయండి, మెలితిప్పి లాగకండి. పేస్ట్ పంటి మీదే మిగిలితే సంతోషించాలి, ఎనామెల్ భద్రంగా ఉందన్నమాట. మిగిలిన పేస్టును 12 బ్లేడ్ల టంగ్‌స్టన్ కార్బైడ్ బర్‌తో, స్లో స్పీడులో, మధ్యమధ్య ఆరబెట్టి చూసుకుంటూ తీయండి. తె పంటి మీద పేస్టుకూ మచ్చకూ రంగులో తేడా తెలియదు, ప్రోబ్‌తో గీకి చూడండి.

11. పేషెంటుకు చెప్పి పంపాల్సినవి

లైట్ క్యూర్ అయితే సన్న తీగ వెంటనే కట్టవచ్చు. పూర్తి పట్టు రావడానికి ఒక రోజు పడుతుంది కాబట్టి ఆ రోజు సంగటి, పప్పన్నం, పెరుగన్నం, ఇడ్లీ లాంటి మెత్తనివే తినమనండి.

- చెనిక్కాయల ఉండలు, చిక్కీ, వేయించిన శనగలు, మొక్కజొన్న కంకి, చెరకు వద్దు.
- జొన్న రొట్టె తినవచ్చు, పులుసులోనో పప్పులోనో నానబెట్టి.
- మటన్ ముక్క ఎముక తీసి, వెనక పళ్లతో.
- జామకాయ, మామిడికాయ కోసి చిన్న ముక్కలుగా.
- క్లిప్పు ఊడితే ముక్కను డబ్బాలో వేసి తేవాలి, ఫోన్ చేసి చెప్పాలి. తీగ గుచ్చుకుంటుంటే మైనం పెట్టుకుని రెండు మూడు రోజుల్లో రావాలి. వచ్చే నెల అపాయింట్‌మెంట్ దాకా ఆగితే ఆ పన్ను వెనక్కి జరుగుతుంది.